తెగిన బెల్టు, విప్పిన పంచె

మా కంపెనీకి చేతులు పదిహేడు దేశాల్లో ఉన్నాయి, తలకాయ మాత్రం పద్ధెనిమిదో దేశంలో ఉంది. పేరు చెప్పమంటే చెప్పలేను. అందులో మా నోరు తిరగని అక్షరాలు నాలుగైదున్నాయి. చేసేది మాత్రం నీళ్ల మోటార్లే. ఆ చేతుల్లో చిటికెన వేలంత చెయ్యి ఒకటి అనకాపల్లికి అవతల, రైలు పట్టాలకి ఇవతల ఉంది. అందులోనే నేను, అనగా బోని గవరయ్య, మీసం మొలవని రోజున చేరి, మీసం నెరిసేదాకా మోటారు డొప్పలకి బెజ్జాలు వేశాను. వేసిన బెజ్జాలన్నీ వరసగా పేరిస్తే చంద్రుడిదాకా పోతాయని కొందరంటారు. అది అతిశయోక్తి. తునిదాకా పోతాయి, అంతే.

జనానికి నీళ్లు కావలసింది ఎండాకాలంలో. అందుచేత మోటార్లు కావలసిందీ ఎండాకాలంలోనే. అందుచేత మాకు మే నెలలో సెలవు అన్న మాట లేదు. దీనివల్ల దేశానికి జరిగిన మేలెంతో నాకు తెలీదు గాని, నాకు జరిగిన నష్టం మాత్రం తెలుసు. మా ఆవిడ నూకరత్నం కన్నవారిది మాకవరపాలెం వైపు. వాళ్లకి తాటితోపుంది. పెళ్లయిన కొత్తలో ఒక్క వేసవి ఆ తోపులో కూర్చుని, అప్పుడే దింపిన గెలలోని ముంజని బొటనవేలితో పొడిచి తిన్నాను. ఆ చల్లటి నీరు మోచేతిదాకా కారింది. ఆ తర్వాత నా డ్యూటీ, ఆ ముంజలూ ఎప్పుడూ ఒకే నెలలో కాపుకొచ్చాయి. బజార్లో దొరుకుతాయి కదా అంటారు. బజారు ముంజ తినడమంటే పెళ్లికి వెళ్లకుండా పెళ్లి ఫొటో చూసి త్రేన్చడమే.

ఈసారి ఏప్రిల్ ఆఖర్న నా సర్వీసు పూర్తవుతుంది. మా బావమరిది నాకోసం మూడు చెట్లమీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా కాపలా కాస్తున్నాడు. నూకరత్నం బట్టలు కూడా సర్దేసింది. ముంజ ఎవరికోసమూ ఆగదు. నాలుగు రోజులు ఆలస్యమైతే ముదురుతుంది, మరో నాలుగు రోజులైతే దాంతో మేకులు కొట్టుకోవచ్చు.

సరిగ్గా అప్పుడు తలకాయ నుంచి సర్క్యులర్ దిగింది.

"దీర్ఘకాల ఉద్యోగుల అనుభవమే సంస్థ యొక్క కంటికి కానరాని యంత్రసామగ్రి. కావున వయసు నిండిన ప్రతి ఉద్యోగీ తన ఉద్యోగ జీవితమును కెమెరా ముందు నెమరువేయవలెను. సదరు నెమరువేతలో ఒక సంక్షోభము, ఒక సాహసము, ఒక సందేశము ఉండి తీరవలెను. నెమరువేత ఆమోదము పొందనిదే విడుదల ఉత్తర్వు ఇవ్వబడదు."

దీన్ని అమలు జరపడానికి నిరంజన్ గారిని నియమించారు. కుర్రాడే, మంచివాడే. అంతకుముందు మా హాజరు చూసేవాడు. ఇప్పుడాయన తలుపుమీద 'అనుభవ సంపద అధికారి' అన్న పలక వెలిసింది.

ముందుగా చిక్కినవాడు నా జతగాడు దాలినాయుడు. వాడి మిషనూ నా మిషనూ పక్కపక్కనే.

"సార్, మీ ఉద్యోగ ప్రస్థానంలో మిమ్మల్ని కుదిపేసిన సంక్షోభం?" అని అడిగాడు నిరంజన్ గారు.

"ఏటీ లేదు బాబూ. వొచ్చేను, పన్జేసేను, ఎల్తన్నాను."

"మిషను ఎప్పుడైనా మొరాయించిందా?"

"నూనోస్తే ఎందుకు మొరాయిస్తాది?"

నెమరువేత తిరిగొచ్చింది. కారణం 'సంక్షోభ లోపం'. వయసు నిండింది కనక దాలినాయుణ్ని మిషను దగ్గరికి రానివ్వరు. నెమరువేత నెగ్గలేదు కనక ఇంటికి పోనివ్వరు. ఇలాంటివాళ్లకోసం 'జ్ఞాపకాల గది' అని ఒక ఏసీ గది కట్టి, మెత్తటి కుర్చీలు వేసి, రోజూ పొద్దున్నించి సాయంత్రందాకా సంక్షోభాన్ని గుర్తుతెచ్చుకోమన్నారు. దాలినాయుడికి గుర్తొచ్చింది ఒక్కటే. ఒకసారి క్యాంటీన్‌లో ఉప్మా మాడింది. అదే కెమెరా ముందు చెప్పాడు. ఉప్మా అనగానేమో సాంకేతిక వివరణ పంపమని తలకాయ అడిగింది. ఆ వివరణ ఇంకా తయారవుతోంది.

అంతలో ఏప్రిల్ సగమైంది. నా వంతు వచ్చింది.

ఇక్కడ మా క్యాంటీన్ ఆచారం ఒకటి చెప్పాలి. టీ వేళ మాలో ఎవడో ఒకడు కోత కోస్తాడు. కోత అంటే వరికోత కాదు, ఆకాశానికి నిచ్చెన వేసే కోత. వినేవాళ్లు నవ్వకూడదు. ఒక్కొక్కరూ మొహం గంభీరంగా పెట్టి, "అవును, నానూ సూసేను" అని సాక్ష్యం చెప్పాలి. ముందు ఎవడు నవ్వితే వాడు ఆ పూట గ్లాసులన్నీ తోమాలి. నేను చేరినప్పట్నించీ అప్పటివరకూ గ్లాసు ముట్టలేదు. గర్వం కాదు, నా మొహమే అంత.

నిరంజన్ గారు కెమెరా సరిచేసి, "మొదలుపెట్టండి సార్" అన్నాడు.

నా కళ్లముందు మూడు తాటిచెట్లు కనిపించాయి. మొదలుపెట్టాను.

"తుపాను యేడు బాబూ. సముద్రం ఊర్లోకొచ్చి, ఊరు సముద్రంలోకెల్లిపోయిన యేడు. ఆయేళ నాగులచవితి. పుట్టలో పాలోసి, ఆ పంచెతోనే డ్యూటీకొచ్చీసేను. రేవులో ఓడ మన మోటార్లకోసం నిలబడుంది. ఆ కెప్టెన్ కూతేస్తే ఇక్కడ మన రేకులు ఎగిరిపోతన్నాయి. సరీగ్గా అప్పుడు నా మిషను బెల్టు పట్‌మని తెగిపోనాది."

"అయ్యో! అప్పుడు?"

"అప్పుడేటి, కట్టుకున్న పంచె ఇప్పేసి, మెలేసి, సెక్రానికి కట్టీసేను. షిఫ్టంతా అలగే తిరిగింది. ఓడెలిపోనాది."

నిరంజన్ గారు కుర్చీ అంచుకి జరిగాడు. "మరి సార్... మీరేం కట్టుకున్నారు?"

"తెగిపోయిన బెల్టు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సందేశం సార్?"

"పంచె కొన్నప్పుడు మంచిది కొనుక్కోవాల."

నిబంధన ప్రకారం సాక్షులు కావాలి. ఆయన కెమెరాతో సహా క్యాంటీన్‌కి వచ్చి, కథంతా వినిపించి, "ఇది వాస్తవమేనా?" అని అడిగాడు. పాపం, ఇన్నాళ్లకి సారుకి మన ఆటమీద మనసైంది కాబోలు అనుకున్నారు మావాళ్లు. టీ గ్లాసులు కిందపెట్టి, ఒక్కొక్కరే లేచి, "అవును బాబూ, నానూ సూసేను" అన్నారు. దాలినాయుడైతే ఇంకాస్త ముందుకెళ్లి, "ఆ బెల్టు కట్టుకుంటే ఈడు పెల్లికొడుకునాగుండీవోడు బాబూ. ఇద్దరు పిల్లనిస్తామని కూడా వొచ్చినారు" అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. ఆ పూట గ్లాసులు తోమే దిక్కు లేకపోయింది.

నా నెమరువేత వారం తిరక్కుండా నెగ్గింది. మామూలుగా నెగ్గితే బాగుండేది. మరీ ఎక్కువగా నెగ్గింది.

తలకాయ దాన్ని 'సర్వోత్తమ సాధన'గా గుర్తించి, పదిహేడు దేశాలకీ ప్రమాణం కింద పంపించింది. "బెల్టు తెగిన తక్షణమే కార్మికుడు పంచె విప్పవలెను. విప్పిన పంచెను చక్రమునకు కట్టవలెను. తెగిన బెల్టును నడుమునకు కట్టవలెను. ఈ క్రమము మారరాదు. రెండవ, మూడవ అంశముల నడుమ కార్మికుని గౌరవమునకు సంస్థ పూచీ వహించును."

విప్పాలంటే ముందు కట్టుకోవాలి కదా. కనక పదిహేడు దేశాల్లోనూ పంచెలు వచ్చాయి. ఫొటోలు మా నోటీసు బోర్డుమీద పెట్టారు. మంచు కురిసే దేశంలో ఉన్నిలాగుమీద పంచె. ఇంకో దేశంలో టైకి జోడీగా పంచె. కుచ్చిళ్లు ఎన్ని ఉండాలన్న దానిమీద అన్ని దేశాలవాళ్లూ కంప్యూటర్లలో మాట్లాడుకుని, తేలక, ఉపసంఘం వేసుకున్నారు.

అప్పుడు భద్రతా విభాగంవారికి మెలకువ వచ్చింది. మిషను దగ్గర వదులుబట్ట వేసుకోరాదని వాళ్లదొక పాత నిబంధన ఉంది. పంచె వదులుబట్టే. మరెలా? పంచెని ప్యాంటులాగ బిగించి కుట్టించారు. నిప్పంటని గుడ్డతో నేయించారు. జారకుండా జిప్పు పెట్టారు. జిప్పు ఊడకుండా పైన బెల్టు పెట్టారు.

నేను నిరంజన్ గారి గదికి వెళ్లాను. "బాబూ, నెమరేసేను, నెగ్గింది. మరి నన్నొగ్గేయండి."

ఆయన ఎంతో గౌరవంగా లేచి నిలబడ్డాడు. "సార్, మీరిప్పుడు ఉద్యోగి కాదు. ఈ ప్రమాణానికి మూలపురుషులు. అన్ని దేశాల శిక్షణా పూర్తయ్యేదాకా మూలపురుషుణ్ని విడుదల చెయ్యరాదని నిన్ననే ఆదేశం వచ్చింది."

"ఎన్నాల్లు పడద్ది?"

"రెండేళ్లలో లక్ష్యసాధన జరుగుతుందని ఆశిస్తున్నాం సార్."

జ్ఞాపకాల గదిలో దాలినాయుడి పక్కన నాక్కూడా మెత్తటి కుర్చీ వేశారు. "రా బావా! సంచోభం లేక నానిక్కడున్నాను, ఎక్కువై నువ్వొచ్చీసేవు" అన్నాడు వాడు.

ఏప్రిల్ ముగిసింది. మే వచ్చింది. నూకరత్నం ఫోన్ చేసింది. అప్పటికే తను పుట్టింటికి వెళ్లి కూర్చుంది.

"ఏటయ్యా, ఒగ్గినారా?"

"లేదే. ప్రపంచకమంతా పంచెలు కట్టుకోవాలట. నాను నేర్పాలట."

"నువ్వా? పెల్లిలో నీ పంచె మా అన్న కట్టినాడు కాదేటి! అదీ రెండుసార్లు జారింది."

"నెమ్మదిగా మాటాడే. ఇది రికార్డు అయిపోద్ది."

"ఒక సెట్టు ముదిరిపోనాది. ఇంక రెండున్నాయి. మా తమ్ముడు సెట్టుకింద మంచమేసుకుని కాస్తన్నాడు. నీ ఇష్టం మరి."

ఇక దాచి లాభం లేదనుకున్నాను. మళ్లీ నిరంజన్ గారి గదికి వెళ్లి, తలుపు వేసి, "బాబూ, అది కోత" అన్నాను.

"కోత అంటే?"

"అబద్దం. బెల్టు తెగలేదు, పంచె ఇప్పలేదు, ఓడా రాలేదు. తుపానొకటే నిజిం."

ఆయన కళ్లద్దాలు సవరించుకుని నావంక చూశాడు. మొహంలో భక్తి పెరిగింది. "గొప్పవాళ్లంతా ఇలాగే అంటారు సార్. దీన్ని వినయం కింద నమోదు చేస్తాను."

"ఇనయం కాదు బాబూ! అబద్దం!"

"సార్, ఒక విషయాన్ని నిజమని ఆమోదించడానికి మన దగ్గర విధానం ఉంది. ఆమోదించాక ఉపసంహరించుకోవడానికి విధానం లేదు. లేని విధానాన్ని నేనెలా పాటించను?"

తలుపు తీసుకుని బయటికొచ్చాను. మర్నాటికల్లా తలకాయ నుంచి అనుబంధం వచ్చింది. "పంచెను చక్రమునకు కట్టిన పిమ్మట కార్మికుడు వినయపూర్వకముగా 'ఇది అబద్ధము' అని మూడుమార్లు పలుకవలెను." పదిహేడు దేశాల్లోనూ పలకడం మొదలుపెట్టారు.

మే రెండోవారంలో ఆల్‌బ్రెక్ట్ దొర వచ్చాడు. తలకాయలో చాలా పైన ఉండే దొర. తెల్లటి గుబురు మీసం, గంగిరెద్దంత నెమ్మదితనం. మూలపురుషుడి సమక్షంలో ప్రమాణాన్ని కళ్లారా చూసి సంతకం పెట్టడానికి వచ్చాడు. ప్రదర్శనకి ఏర్పాట్లు కాలేదు కనక, ఆయన్ని కూర్చోబెట్టడానికి ఏసీ ఉన్న గది అదొక్కటే కనక, తెచ్చి మా పక్కన కూర్చోబెట్టారు.

దొర ఇంగ్లీషు మాకెంత తెలుసో మా తెలుగు దొరకి అంతే తెలుసు. అయినా రెండు రోజుల్లో దాలినాయుడూ ఆయనా చేతులతో మాట్లాడుకుని ప్రాణస్నేహితులైపోయారు. వాడు నాకు చెప్పిందేమిటంటే, దొరకీ వయసు నిండింది. ఆయన నెమరువేత కూడా తిరిగొచ్చింది. సర్వీసంతా మరలు బిగువుగా ఉన్నాయో లేదో చూశాడట, బిగువుగానే ఉన్నాయట. సంక్షోభం లేదు. వాళ్ల ఊళ్లో చెరువు గట్టున గాలం పట్టుక్కూర్చోవాలని ఆయన కోరిక. చేపల కాలం దాటిపోతోందట.

మొదటిరోజు టీకి ఆయన్ని క్యాంటీన్‌కి తీసుకెళ్లాం. దాలినాయుడు, తన మేక రైలెక్కి రాజమండ్రి వెళ్లి పుష్కర స్నానం చేసొచ్చిన సంగతి చేతులతో, కాళ్లతో, గొంతుతో చెప్పాడు. మేం సాక్ష్యం చెబుతున్నాం. దొర ఫక్కున నవ్వాడు. ఆచారం ఆచారమే. పద్ధెనిమిదో దేశపు దొర చొక్కా చేతులు మడిచి గ్లాసులన్నీ తోమాడు. తోమి, ఈ శిక్ష ఎందుకని అడిగాడు. దాలినాయుడు వివరించాడు. దొర తల పంకించి, సాక్ష్యం చెప్పే ఆ మూడు మాటలూ వాడిచేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు.

ఈలోగా ప్రదర్శనకి చిక్కొచ్చిపడింది. బెల్టు తెగాలంటే ముందు బెల్టుండాలి. మా షెడ్డులో బెల్టు మిషన్లు ఎప్పుడో పోయాయి. ఇప్పుడున్నవన్నీ మీట నొక్కితే తిరిగేవే. ఇనప సామాను దిబ్బలోంచి ఒక పాత మిషను తవ్వి తీసి, రంగు వేసి, బెల్టు తగిలించారు. నాణ్యతా విభాగంవారు కొన్న బెల్టు. అది తెగదు. పొద్దున్నించి మధ్యాహ్నందాకా తిప్పారు, తెగలేదు. బ్లేడుతో కోద్దామన్నారెవరో. "సంక్షోభం సహజంగా రావాలి" అన్నాడు నిరంజన్ గారు. చివరికి దాన్ని నానబెట్టి, ఎండబెట్టి, దానిమీంచి లారీ నడిపితే, సహజంగా తెగింది.

"ఇప్పుడు పంచె!" అని అరిచాడు నిరంజన్ గారు. శిక్షణ ఇచ్చేవాడు ముందు తానే చేసి చూపాలని నియమం. పాపం, ఆయనే కంపెనీ పంచెలో ఉన్నాడు. పై బెల్టు విప్పాడు. జిప్పు లాగాడు. జిప్పు నిప్పంటని గుడ్డలో ఇరుక్కుంది. ఒంటికాలిమీద గెంతుతూ లాగాడు. ఒక కాలు బయటికి వచ్చింది, రెండోది రాలేదు. ఆ కాలితోనే గెంతుతూ మిషను చుట్టూ తిరుగుతూ, నిబంధన ప్రకారం, "ఇది అబద్ధం, ఇది అబద్ధం" అంటున్నాడు. షెడ్డులో ఒక్కడూ నవ్వలేదు. అందరి కళ్లల్లో నీళ్లు మాత్రం తిరుగుతున్నాయి.

నా జేబులో ఫోన్ మోగింది. "రెండో సెట్టూ ముదిరింది. ఇంకొక్కటే" అని చెప్పి పెట్టేసింది నూకరత్నం.

ఆయాసపడుతూ వచ్చి, "మూలపురుషులు ఇంకేమైనా సవరణ సూచిస్తారా?" అని అడిగాడు నిరంజన్ గారు, ఒక చేత్తో పంచె పట్టుకుని.

నిజంతో లాభం లేదని ఈసరికే తేలిపోయింది. మొహం సర్దుకున్నాను.

"ఒక మాట దాచీసేను బాబూ. మీరడగలేదు, నాను సెప్పలేదు. ఆయేళ పంచె కట్టి మిషను తిప్పినాక మా గురువు పరదేశి మేస్త్రీ నా దగ్గరికొచ్చినాడు. ఒరే గవిరీ, బెల్టెందుకు తెగిందో తెల్సునా? వయసు నిండినోడొకడు షెడ్డులో ఉండిపోనాడ్రా. ఆడెవడో కాదు, నానే. వయసు నిండినోడి ఊపిరి తగిల్తే ఎంత గట్టి బెల్టయినా తెగిపోద్ది అన్నాడు. ఆ పూటే సెప్పులేసుకుని ఎలిపోనాడు. ఆనక ఇన్నేళ్లూ బెల్టు తెగితే ఒట్టు!"

నిరంజన్ గారు పాలిపోయాడు. "మూలకారణం!" అన్నాడు నెమ్మదిగా. "మనం పరిష్కారాన్ని ప్రపంచమంతా ప్రామాణికం చేశాం గాని, మూలకారణాన్ని ఇక్కడే ఏసీ గదిలో కూర్చోబెట్టాం!"

అందరూ మావైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

"కానీ సార్, సాక్షులు?"

దాలినాయుడు గొంతు సవరించుకుని, "అవును బాబూ, నానూ సూసేను. ఆ సెప్పులు కిర్రుమనేవి కూడాను" అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు అందరూ చూశారు. పరదేశి మేస్త్రీ అనేవాడు పుట్టనే లేదు, అయినా అందరూ చూశారు.

"ఉన్నతస్థాయి సాక్షి ఒకరుంటే..." అని నసిగాడు నిరంజన్ గారు.

అప్పుడు కుర్చీలోంచి ఆల్‌బ్రెక్ట్ దొర లేచాడు. కోటు గుండీ పెట్టుకున్నాడు. మా గోడమీద ఏదో శిలాశాసనం ఉన్నట్టు సూటిగా చూస్తూ, మీసం వెంట్రుకైనా కదలకుండా, తెలుగులో అన్నాడు:

"అవును. నానూ సూసేను."

ఇన్నేళ్ల నా రికార్డు అక్కడ పోయింది. పొట్ట పట్టుకుని, మిషనుమీద వాలిపోయి, దగ్గొచ్చేదాకా నవ్వాను. నా వెనకే షెడ్డంతా నవ్వింది, కాని ముందు నవ్వింది నేనే. దాలినాయుడు వేలు చూపించి, "గ్లాసులు!" అన్నాడు.

ఆ సాయంత్రమే పదిహేడు దేశాలకీ ఉత్తర్వు వెళ్లింది. వయసు నిండినవాళ్లెవరూ షెడ్డు కప్పుకింద ఒక్క ఊపిరి కూడా పీల్చరాదు, ఉన్నవాళ్లని ఉన్నపళంగా పంపించెయ్యాలి. దాలినాయుడు విడుదలయ్యాడు. దొర తన ఉత్తర్వుమీద తానే సంతకం పెట్టుకున్నాడు. నేను క్యాంటీన్‌లో గ్లాసులు తోముతుంటే, ఆయన పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడిచి బోర్లించాడు. నిరంజన్ గారు ఇంకా జిప్పు లాగుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే మాకవరపాలెం చేరాను. ఆఖరి చెట్టుకి మిగిలింది ఒక్క గెల. మా బావమరిది దింపాడు, చెక్కాడు. సగం కాయలు ముదిరిపోయాయి. మిగతా సగం నన్ను క్షమించాయి. బొటనవేలితో పొడిచాను. నీరు మోచేతిదాకా కారింది.

తింటూ నూకరత్నానికి జరిగిందంతా చెప్పాను. మేక రైలెక్కిందన్నా, ఊరు సముద్రంలోకెళ్లిందన్నా ఇన్నాళ్లూ ఊకొట్టిన మనిషి. దొర గ్లాసులు తుడిచాడనీ, తెలుగులో సాక్ష్యం చెప్పాడనీ అనేసరికి, చేతిలో ముంజ పక్కనపెట్టి నావంక చూసింది.

"నీ అబద్దాలన్నీ ఇన్నాల్లూ నమ్మీసినాను గానీ, ఇది మాత్రం నా వల్ల కాదయ్యా. నోరు మూసుకుని తిను, ముదిరిపోద్ది."

జీవితంలో నేను చెప్పిన నిజం అదొక్కటే. మీరైనా నమ్ముతారని రాశాను. నమ్మినవాళ్లు సాక్ష్యం చెప్పండి. నవ్వినవాళ్లుంటే, అదిగో, గ్లాసులు అక్కడున్నాయి.